ఊపిరితిత్తుల్లో రక్తనాళాల అడ్డదారి: బబుల్ ఎకోనా, సీటీనా?

ఊపిరితిత్తిలో ధమని సూక్ష్మనాళాలను దాటేసి నేరుగా సిరలో కలిస్తే ఆక్సిజన్ తగ్గుతుంది, రక్తపు గడ్డ మెదడుకెక్కే ముప్పూ ఉంటుంది. అనుమానం రాగానే అమీర్‌పేటలోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో సీటీ తీయించేద్దాం అనుకుంటారు. తొందరొద్దు, ముందు బబుల్ ఎకో, అంటే సిరలోకి బుడగలు ఎక్కించి చేసే గుండె అల్ట్రాసౌండ్.

రెండు సిరంజీలను త్రీవే స్టాప్‌కాక్‌కు (మూడు దారుల చిన్న కుళాయికి) బిగించి, 9 మి.లీ. సెలైన్‌, 1 మి.లీ. గాలి అటూఇటూ తోస్తే నురగవుతుంది. చేతి సిరలోకి ఎక్కించాక గుండె కుడి గదులు తెల్లబడతాయి. అక్కణ్నుంచి లెక్కపెట్టాలి: 3 స్పందనల్లోపే ఎడమవైపు బుడగలొస్తే గుండె గోడలోనే రంధ్రం ఉండొచ్చు, ఆ తర్వాతైతే ఊపిరితిత్తుల దారి. రేడియేషన్ లేదు. సీటీకి కనబడని చిన్న అడ్డదారినీ పట్టేస్తుంది, కానీ ఎక్కడుందో మాత్రం చెప్పదు.

ఆ పని సీటీది. 1 మి.మీ. మందం ముక్కలుగా తీసిన చిత్రాలు చాలు, చాలాసార్లు కాంట్రాస్టే (నాళాలు స్పష్టంగా కనబడేందుకు సిరలోకి ఎక్కించే మందు) అక్కర్లేదు. 5 మి.మీ. ముక్కలతో తీస్తే చిన్నవి జారిపోతాయి, కొన్ని కణితుల్లా కనబడి బయాప్సీ దాకా లాగుతాయి. సూది గుచ్చితే రక్తస్రావమే. రిపోర్టులో వెతకాల్సింది రక్తం తెచ్చే ధమని వెడల్పు: 2–3 మి.మీ. దాటితే కాయిల్‌తో (సన్నటి లోహపు తీగ చుట్టతో) మూసే ఆలోచన చేస్తారు. ఎకోలోవి అతి చిన్న బుడగలు; కాంట్రాస్ట్ ఎక్కిస్తే మాత్రం గొట్టంలో ఒక్క గాలిబుడగా ఉండకూడదు, అడ్డదారిలో మెదడుకెళ్లొచ్చు.