మునిగిన బోటు: బాగు చేయించడమా, ఇంజిన్ మార్చడమా, వచ్చినకాడికి అమ్మేయడమా?

మొన్నటి వానలకి భీమిలిలో గోస్తనీ ఒడ్డున కట్టిన మా బోటు మునిగిపోయింది. కొట్టుకుపోలేదు, తాడు తెగలేదు, కట్టిన చోటే రాత్రంతా వాన నీళ్లు నిండి, బ్యాటరీ దిగిపోయి, నీళ్లు తోడే పంపు ఆగిపోయి, తెల్లారేసరికి ముక్కు మాత్రం పైకి పెట్టుకుని కూర్చుంది. 16 అడుగుల ఫైబర్ బోటు, 25 హెచ్‌పీ టూ స్ట్రోక్ (పాతకాలపు సాదా రకం) ఇంజిన్, నాదీ మా బావదీ సగం సగం. ఆదివారం పూట సరదాగా గాలం వేసుకోవడానికి తప్ప దాని మీద బతికేది ఏమీ లేదు. పక్కన కట్టిన ఇంకొకాయన బోటూ మునిగింది, ఆయనది 40 హెచ్‌పీ ఫోర్ స్ట్రోక్, ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్నది, అంటే పెట్రోలు ఎంత చిమ్మాలో చిన్న కంప్యూటరే చూసుకుంటుంది. అదే రాత్రి, అవే నీళ్లు. కానీ ఇప్పుడు మా ఇంజిన్ తిరుగుతోంది, ఆయనది తిరగట్లేదు.

బాగు చేయించాలా, అమ్మేయాలా అని అందరూ మొదటి రోజే తల పట్టుకుంటారు గానీ, అది వారం తర్వాత తేల్చుకోవచ్చు. ఏ దారిలో వెళ్లినా మొదటి రోజు చేయాల్సిన పని ఒకటే, అది చేయకపోతే ఇక ఎంచుకోవడానికి దారులే మిగలవు.

బోటు పైకి లాగి నీళ్లు తోడగానే బావ తాళంచెవి పట్టుకుని వచ్చాడు, "ఒక్కసారి స్టార్ట్ చేసి చూద్దాం రా" అని. నేను ముందు ఫిషింగ్ హార్బర్‌లో మాకు తెలిసిన మెకానిక్‌కి ఫోన్ కొట్టాను. ఆయన అటు నుంచి ఒకటే అరుపు: "తిప్పీకండి బాబూ! ముందు ప్లగ్గులు ఇప్పీండి!" కారణం చిన్నదే. సిలిండర్లో నీళ్లుంటే గాలిలా నొక్కుకుపోవు, పిస్టన్ వాటిని గుద్దుకుని కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. వెయ్యి రూపాయల పని కాస్తా ఇంజిన్ మొత్తం విప్పే పని అవుతుంది. మునిగే సమయంలో ఇంజిన్ నడుస్తూ ఉందంటే రాడ్ అప్పటికే వంగి ఉండొచ్చు, అలాంటిది విప్పి చూడకుండా అసలు తిప్పకూడదు.

రెండో మాట ఆయన చెప్పేదాకా నాకూ తెలీదు. నీళ్లలో ఉన్నంతసేపు ఇంజిన్ పెద్దగా చెడదట, బయటికి తీసి గాలి తగిలాకే తుప్పు పరిగెడుతుంది. అక్కడ గోస్తనీ నీళ్లు నది నీళ్లని పేరే గానీ, పోటు వస్తే సముద్రం లోపలికి వస్తుంది, ఉప్పు ఉండనే ఉంటుంది. కాబట్టి వెంటనే విప్పే తీరిక లేకపోతే ఇంజిన్‌ని మంచినీళ్ల డ్రమ్ములో ముంచి ఉంచడమే మేలు. మా బోరు నీళ్లూ ఉప్పగానే ఉంటాయి, అందుకని ట్యాంకర్ నీళ్లు తెప్పించాం (ఇంటావిడ ముఖం చూడాల్సింది). ప్లగ్గులు తీసి, బోర్లించి, ఇంజిన్‌ని తిప్పే చక్రం, అదే ఫ్లైవీల్, చేత్తో తిప్పితే ప్లగ్ రంధ్రాల్లోంచి బురద నీళ్లు చిమ్మాయి. పెట్రోలుని గాలితో కలిపే కార్బురేటర్ అడుగున వేలెడు ఒండ్రు. గేర్ ఆయిల్ పాలెక్కువైన కాఫీలా వచ్చింది. కడిగి, స్పిరిట్ పోసి, ఆయిల్ కొట్టి, సాయంత్రానికి డ్రమ్ములోనే గంటసేపు నడిపాం. ట్యాంకులో పెట్రోలు పారబోయాల్సిందే, పైనున్నది వడకట్టుకుందాం అనుకోకండి. ఇప్పుడు పెట్రోల్లో ఇథనాల్ ఉంటుంది, నీళ్లు తగిలితే రెండూ కలిసి అడుక్కి దిగిపోతాయి, పైన మిగిలిన పెట్రోలూ మునుపటిది కాదు.

పక్కాయనకి ఇన్సూరెన్స్ ఉంది. అదే ఆయన కొంప ముంచింది. నష్టం లెక్కగట్టే సర్వేయర్ వచ్చేదాకా ముట్టుకోవద్దని ఎవరో చెప్పారట, నాలుగు రోజులు టార్పాలిన్ కప్పి అలాగే వదిలేశారు. నష్టం పెరగకుండా చూసుకునే బాధ్యత పాలసీ తీసుకున్నవాళ్లదే అని సాధారణంగా షరతుల్లోనే ఉంటుంది. ఫోటోలు, వీడియో తీసి, కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేసి, కడగడం మొదలుపెట్టాలి, మార్చిన సామాన్లు పారేయకుండా దాచాలి. నాలుగు రోజుల తర్వాత ఆయన ఇంజిన్ మూత తీస్తే అల్యూమినియం మీద తెల్లటి పొడి, కనెక్టర్లన్నీ పచ్చగా, స్టార్టర్ మోటార్ బిగుసుకుపోయి ఉంది. ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్ డబ్బా సంగతి సరేసరి.

అందుకని ఇంజిన్ విషయంలో నా లెక్క ఇది. కార్బురేటర్ ఉన్న పాత టూ స్ట్రోక్, ఒకటి రెండు రోజుల్లో కడిగి ఉంటే కళ్లు మూసుకుని బాగు చేయించుకోండి. ఎలక్ట్రానిక్స్ ఉన్న ఫోర్ స్ట్రోక్ ఉప్పునీళ్లలో మునిగి రోజులు గడిచిందంటే, రిపేరు అంచనా మంచి సెకండ్ హ్యాండ్ ఇంజిన్ ధరలో సగం దాటితే వదిలేయండి. ఈరోజు నడిచినా, వైరింగ్‌లో దాగిన ఉప్పు ఆరు నెలలకి తీరం నుంచి మూడు కిలోమీటర్ల దూరంలో బయటపడుతుంది.

అయితే కొత్త ఇంజిన్ పెట్టే ముందు బోటు దానికి తగినట్టుందా అన్నది చూసుకోవాలి, అందరూ తప్పేది ఇక్కడే. హుద్‌హుద్ తుఫాను అప్పుడు, అంటే 2014 అక్టోబర్‌లో, గాలికి బద్దలైన బోట్ల పగుళ్లు కంటికి కనబడ్డాయి. మునిగిన బోటుకి ఏమైందో కనబడదు. ఫైబర్‌కి నీళ్లతో పెద్ద ఇబ్బంది లేదు, కానీ ఇంజిన్ బిగించే వెనక పలకలో చాలా బోట్లకి లోపల ప్లైవుడ్ ఉంటుంది, నేల కింద ఫోమ్ ఉంటుంది. రూపాయి బిళ్లతో పలక అంతా కొట్టుకుంటూ వెళ్లండి, టక్ టక్ మంటే మంచిది, ఎక్కడైనా మెత్తగా డబ్ మంటే లోపల తడి చేరినట్టే. ఇంజిన్ బోల్టు ఒకటి విప్పి ఆ రంధ్రంలో స్క్రూడ్రైవర్ పెట్టి గీకండి. గోధుమరంగు నీళ్లు, మెత్తటి చెక్కపొట్టు వస్తే ఆ పలక మార్చేదాకా ఎంత మంచి ఇంజిన్ కొన్నా దండగే, వేగంలో ఊడొచ్చినా ఆశ్చర్యం లేదు. పలకా పోయి, నేల కింద ఫోమ్ కూడా నానిపోయి ఉంటే, ఇంజిన్ కూడా పనికిరాకపోతే, అప్పుడు మాత్రం మూడో దారే. ఇన్సూరెన్స్ ఉంటే పూర్తి నష్టం కింద అడగండి, లేకపోతే మునిగిందని చెప్పే అమ్మండి, దాచి అమ్మితే కొన్నవాడి పిల్లలు కూడా అందులో ఎక్కుతారు.

పక్కాయన బోటు పలక గట్టిగానే ఉంది, కాబట్టి సెకండ్ హ్యాండ్ ఇంజిన్ కోసం చూస్తున్నారు. మాది ట్రైలర్ మీద ముక్కు పైకెత్తి, అడుగున నీళ్లు పోయే రంధ్రం బిరడా తీసి, ఫ్యాన్ పెట్టి ఆరబెడుతున్నాం. విశాఖ గాలిలో తేమకి ఇది వారాల పని. ఇంజిన్ బిగించే మూడు బోల్టు రంధ్రాలు పొడిగా ఉన్నాయి, నాలుగోదాంట్లో గుడ్డ పెడితే ఇంకా చెమ్మ అంటుతోంది. "ఆదివారం ఒక రౌండ్ వేసొద్దాం రా, ఒక్క బోల్టే కదా" అంటాడు బావ. బిరడా నా జేబులో ఉంది, ఆ గుడ్డ పొడిగా వచ్చేదాకా ఇవ్వను.