ల్యాబ్ మార్కులు దేనికి వేయాలి: రికార్డుకా, రిజల్ట్‌కా, చేసిన తీరుకా?

ఇంటర్ సెకండియర్ ప్రాక్టికల్స్‌లో ఫిజిక్స్‌కి 30, కెమిస్ట్రీకి 30. ఆ ముప్పై దేనికి వేయాలన్న దాని మీద లెక్చరర్లలోనే ఏకాభిప్రాయం లేదు. రికార్డు చూసి వేసేవాళ్లున్నారు, రిజల్ట్ చూసి వేసేవాళ్లున్నారు, పక్కన నిలబడి చేసే తీరు చూసేవాళ్లున్నారు, ఇక ‘పిల్లల భవిష్యత్తు కదండీ’ అని అందరికీ ముప్పై వేసేసేవాళ్లూ ఉన్నారు.

రికార్డు సంగతి తొందరగా తేల్చేద్దాం. సీనియర్ రికార్డు చూసి దించినవే ఎక్కువ, కొందరికి బొమ్మలు కూడా ఇంట్లో అక్కే వేసిపెడుతుంది. దానికి అయిదు మార్కులు దాటితే దండగ.

రిజల్ట్‌కి వేయడం న్యాయంగానే కనిపిస్తుంది, ఎందుకంటే అందులో లెక్చరర్ ఇష్టాయిష్టాలకి చోటుండదు. చిక్కల్లా ఆన్సర్ పిల్లలకి ముందే తెలుసు. సింపుల్ పెండ్యులం (లోలకం) ప్రయోగంలో జీ విలువ, అంటే భూమి గురుత్వ త్వరణం, 980 (సెం.మీ./సె²) రావాలని తెలిసినవాడు టైమ్ కాలమ్‌ని వెనక నుంచి లెక్కగట్టి నింపేస్తాడు. మీటరు పొడవున్న లోలకానికి 20 డోలనాలకి దాదాపు 40 సెకన్లు పడుతుంది, స్టాప్‌వాచ్ నొక్కడంలో 0.2 సెకను అటూ ఇటూ అయితే చాలు, జీ విలువ 10 దాకా జరుగుతుంది. అంటే 970 తెచ్చినవాడు చేసిన తప్పేం లేదు, ప్రతి పొడవుకీ సరిగ్గా 980 తెచ్చినవాడినే అనుమానించాలి. (అసలు హైదరాబాద్‌లో ఆ విలువ 978 దగ్గర ఉంటుంది లెండి.) రిజల్ట్‌కి ఎక్కువ మార్కులున్నంత కాలం రీడింగులు వండటం ఆగదు.

నా ఓటు చేసే తీరుకే. టైట్రేషన్ (ఒక ద్రావణంలోకి ఇంకోదాన్ని కొలిచి వదులుతూ గాఢత కనుక్కునే ప్రయోగం) దగ్గర అయిదు నిమిషాలు నిలబడితే తెలిసిపోతుంది: బ్యూరెట్‌ని (కొలతలు, కింద కొళాయి ఉన్న గాజు గొట్టం) పోయబోయే ద్రావణంతోనే ఒకసారి కడిగాడా, గరాటు తీసేశాడా, ఎండ్ పాయింట్ (చర్య పూర్తయిందని రంగు చూపే చోటు) దగ్గరపడ్డాక చుక్కచుక్కగా వదులుతున్నాడా, లేక ముదురు గులాబీ వచ్చేదాకా పోసేసి పక్కవాడి రీడింగ్ వైపు చూస్తున్నాడా. వైవాలో (నోటి ప్రశ్నల్లో) కూడా పర్మాంగనేట్‌కి ఇండికేటర్ (రంగు మారి ఎండ్ పాయింట్ చూపే పదార్థం) ఎందుకు అక్కర్లేదంటే బట్టీ కొట్టినవాడూ చెప్పేస్తాడు. ‘వేడి ఆక్సాలిక్ ఆమ్లంలో పర్మాంగనేట్ మొదటి చుక్క రంగు పోవడానికి ఎంతసేపు పట్టింది, తర్వాతి చుక్కలకి ఎంత?’ అని అడిగి చూడండి. మొదట నెమ్మదిగా, తర్వాత చకచకా పోయిందని స్వయంగా చేసినవాడికి గుర్తుంటుంది.

ఇబ్బందులు లేవని కాదు. ముప్పై మంది బ్యాచ్‌కి ఒక్కరే లెక్చరరైతే అందరినీ చూడటం జరిగే పని కాదు, ఎవరైనా ఎదుట నిలబడితే చెయ్యి వణికే పిల్లలుంటారు, నచ్చినవాళ్లకే ఎక్కువ వేస్తున్నారన్న మాటా పడాలి. అందుకే పరీక్ష రోజు దాకా ఆగకుండా ఏడాది పొడవునా ల్యాబ్‌కి అయిదారుగురి చొప్పున చూస్తూ, దేనికి మార్కులు వేస్తామో ముందే బోర్డు మీద రాసేస్తే గొడవ చాలావరకు తగ్గుతుంది.

అందరికీ ముప్పై వేసే పద్ధతి నాకు నచ్చదు, ఆ సంగతి తెలిశాక పిల్లలు ల్యాబ్‌కి రావడమే మానేస్తారు. కానీ రెండు బ్యూరెట్లతో బ్యాచంతా నెట్టుకొచ్చే కాలేజీలో పిల్లల మార్కులు కోయడం అన్యాయమన్న వాదనని మాత్రం కొట్టిపారేయలేను, అక్కడ ఏ తీరు చూసి వేస్తాం చెప్పండి?

సామాన్లు సరిగా ఉన్న చోట నా లెక్క ఇది: రికార్డుకి 5, చేసిన తీరుకి 15, వైవాకి 7, రిజల్ట్‌కి 3. జీ విలువ 965 వచ్చినా సరే, ఎక్కడ తేడా కొట్టిందో ఒక్క వాక్యం రాస్తే ఆ మూడూ వేసేస్తా.