జేలెన్ హర్ట్స్ ముందు రెండు దారులు: మేరీల్యాండా, ఓక్లహోమానా?

2018 జనవరిలో అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్ జాతీయ ఫైనల్ హాఫ్‌టైమ్‌లో అలబామా యూనివర్సిటీ జట్టు తన క్వార్టర్‌బ్యాక్ (బంతి విసురుతూ దాడిని నడిపే ఆటగాడు) హర్ట్స్‌ని బెంచీ ఎక్కించి, టువాని దింపింది. డిసెంబరులో అదే అట్లాంటా స్టేడియంలో టువా గాయపడితే మళ్ళీ హర్ట్స్‌నే దింపారు. నిమిషం మిగిలి ఉండగా బంతి పట్టుకుని తనే 15 గజాలు పరిగెత్తి టచ్‌డౌన్ (బంతిని అవతలి గీత దాటించి ఆరు పాయింట్లు తేవడం) చేశాడు. జార్జియాపై 35-28తో గెలుపు. నాకైతే కళ్ళు చెమర్చాయి.

ఆ నెలలోనే డిగ్రీ చేతికొచ్చింది. అప్పట్లో కాలేజీ మారితే మామూలుగా ఏడాది ఆగాల్సి వచ్చేది; డిగ్రీ ఉంటే ఆగక్కర్లేదు, కొత్త కాలేజీకి వెంటనే ఆడొచ్చు.

మేరీల్యాండ్‌లో అప్పటి కొత్త కోచ్ లాక్స్‌లీ. అలబామాలో హర్ట్స్ జట్టు అఫెన్స్ (దాడి విభాగం) నడిపినవాడే, కాబట్టి అంతా తెలిసిన వాతావరణం. కానీ 2018లో ఆ జట్టుకి 5 గెలుపులు, 7 ఓటములు. పైగా అప్పట్లో ఏటా ఒహాయో స్టేట్, మిషిగన్, పెన్ స్టేట్ లాంటి బలమైన జట్లతో తలపడాల్సి వచ్చేది.

ఓక్లహోమాలో అప్పటి కోచ్ లింకన్ రైలీ. వేరే కాలేజీల నుంచి వచ్చిన క్వార్టర్‌బ్యాక్‌లు మేఫీల్డ్, ముర్రే అతని దగ్గరే 2017, 2018 హైస్‌మన్‌లు (ఏటా ఉత్తమ కాలేజీ ఆటగాడికిచ్చే అవార్డు) గెలిచారు. ముర్రే వెళ్ళిపోవడంతో చోటూ ఖాళీ అయింది. హర్ట్స్ పాసింగ్ (బంతి విసరడం) మీదే అందరికీ అనుమానం, అది సానబెట్టే చోటు ఇదే. నేనైనా ఇక్కడికే వెళ్ళమనేవాణ్ణి.

అక్కడికే వెళ్ళాడు. 2019లో 32 పాసింగ్ టచ్‌డౌన్లు, పరుగుతో 20, హైస్‌మన్‌లో రెండో స్థానం. సెమీస్‌లో మాత్రం ఎల్‌ఎస్‌యూ 63-28తో చిత్తు చేసింది.