ప్వాతియేలో బస గుట్ట మీదే

పారిస్‌లోని మోంపర్నాస్ స్టేషన్‌లో టీజీవీ అనే వేగపు రైలు ఎక్కితే సుమారు గంటన్నరలో ప్వాతియే నగరం చేరుకోవచ్చు. చాలామంది రైలు దిగీదిగగానే పది కిలోమీటర్ల దూరంలోని ఫ్యూచరోస్కోప్ వినోదాల పార్కుకు పరుగు తీస్తారు. పిల్లలు వెంట ఉంటే సరే. లేకపోతే ఆ సమయం కూడా ఊరు చూడటానికే ఇవ్వండి.

పాత ఊరంతా రెండు నదుల మధ్య గుట్ట మీద ఉంది, స్టేషన్ మాత్రం కింద లోయలో. స్టేషన్ పక్కన హోటళ్లు చవకే గానీ, ఏం చూడాలన్నా మెట్లెక్కాల్సిందే. మేము పైనే, ఒక పాత ఇంటి మూడో అంతస్తులో దిగాం. లిఫ్టు లేదు. సుడులు తిరిగే మెట్ల మీద పెద్ద సూట్‌కేసు తిప్పడానికి కూడా చోటు లేదు. గురువారం రాత్రి విద్యార్థుల కేకలకు చెక్క తలుపులు బిగించుకుంటే గానీ నిద్ర పట్టలేదు. అయినా మళ్లీ వెళ్తే అక్కడే ఉంటాను.

ఇక్కడి విశ్వవిద్యాలయం 1431 నాటిది. తత్వవేత్త రెనే డెకార్ట్ 1616లో ఇక్కడే న్యాయశాస్త్ర పట్టా పుచ్చుకున్నాడు. ఆయన పేరున్న వీధిలోని ఒతెల్ ఫ్యూమే అనే పాత భవనంలో నేటికీ పాఠాలు జరుగుతున్నాయి. తరగతులు ఎక్కువగా ఊరి బయటి క్యాంపస్‌కు తరలిపోయాయి. అక్కడికి బస్సులున్నాయి గానీ, యాత్రికులకు అక్కడ పనేమీ లేదు.

నోత్రదామ్ లా గ్రాండ్ చర్చి దగ్గర మాత్రం తీరిగ్గా నిలబడండి. గోపురాల మీద దేవదారు కాయల్లా పొలుసులు. ముఖభాగమంతా శిల్పాలే. ఒకచోట ఇద్దరు స్త్రీలు బాల యేసుకు నీళ్లు పోస్తుంటే, పక్కనే తండ్రి జోసెఫ్ ఏదో దిగులుతో కూర్చుని ఉంటాడు. తొమ్మిది వందల ఏళ్లనాటి ఆ ముఖం మన వీధి అరుగు మీద కనిపించినా ఆశ్చర్యం లేదు. పూర్వం ఉప్పు వర్తకులు ఈ గోడకు ఆనించి దుకాణాలు పెట్టడంతో ఉప్పు రాతిలోకి ఇంకి శిల్పాలను తినేసింది. 1990లలో రాళ్లలోంచి ఉప్పు తీసి బాగుచేశారు. వేసవి రాత్రుల్లో ఆ ముఖభాగం మీద రంగుల కాంతులు వేస్తారు, ఉచితం.

పూర్వం ఈ ప్రాంతాన్ని ఏలిన డ్యూకుల భవనం 2019 వరకు న్యాయస్థానంగా ఉండేది. అందులోని పెద్ద హాలుకు నడుమ ఒక్క స్తంభం లేదు, చివర చలి కాచుకునే మూడు పొయ్యిలు పక్కపక్కనే. సెయింట్ జాన్ బాప్తిస్మ మందిరానికి టికెట్ ఉంది. చిన్నదే అయినా నేలలోని ఎనిమిది పలకల కొలను చూడవలసిందే.

భోజనం వేళకు జరగాలి. మధ్యాహ్నం రెండు దాటితే వంటిళ్లు మూసేస్తారు, మళ్లీ ఏడింటికే. ఆదివారం, సోమవారం చాలాచోట్ల తలుపులే తెరవరు. శాకాహారులు 'ఫార్సీ ప్వాతవాఁ' విషయంలో జాగ్రత్తపడాలి. చూడటానికి క్యాబేజీ ఆకులో చుట్టిన ఆకుకూరే, లోపల తరచుగా పంది మాంసం ఉంటుంది. అంగట్లో దొరికే మేక పాల జున్ను, పైన నల్లగా మాడ్చిన తూర్తో కేకు మాత్రం వదలకండి. కేకులో గుడ్డు ఉంటుందని గుర్తుంచుకోండి.

కారు ఉంటే దాదాపు నలభై కిలోమీటర్ల దూరంలోని సాఁసవాఁ మఠానికి వెళ్లండి. లోపలి పైకప్పు నిండా మధ్యయుగపు చిత్రాలు, 1983 నుంచి యునెస్కో జాబితాలో ఉంది. బస్సులు తక్కువ గనుక తిరుగు బస్సు వేళ చూసుకున్నాకే బయలుదేరండి.