పాత టూ స్ట్రోక్ బండికి ఫోర్క్ క్లాంపులు చేయిస్తున్నారా? బిగించే ముందు బోర్ కొలవండి

పాత టూ స్ట్రోక్ బండికి ఫోర్క్ క్లాంపులు (ముందు చక్రం ఫోర్క్ గొట్టాలను స్టీరింగ్‌కు పట్టి ఉంచే దిమ్మలు) కొత్తగా చేయించుకోవాలని అనుకుంటున్నవారు డబ్బు కట్టే ముందు, ఇప్పటికే కట్టేసి ఉంటే ఆ క్లాంపులను బండికి ఎక్కించే ముందు, ఇది ఒకసారి చదవాలని కోరుతున్నాను. తయారీదారు పేరు ఇక్కడ రాయడం లేదు. నాకు అందిన జతలో ఏయే లోపాలు ఉన్నాయో, అవి ఎలా బయటపడ్డాయో మాత్రం దాచకుండా చెబుతాను, ఎందుకంటే ఇవే లోపాలు ఎవరు చేసిన క్లాంపుల్లోనైనా ఉండవచ్చు.

నా బండి 1973 నాటి యమహా ఆర్‌డీ350. దాని అసలు ఫోర్క్ గొట్టాలు 34 మి.మీ. వ్యాసంవి. నా కంటే ముందు ఆ బండిని ట్రాక్ మీద నడిపినవారెవరో వాటిని తీసేసి, వేరే బండి నుంచి తెచ్చిన 36 మి.మీ. గొట్టాలు వేసి, వాటికి సరిపోయేలా పై క్లాంపును, కింది క్లాంపును అల్యూమినియం దిమ్మ నుంచి ప్రత్యేకంగా చెక్కించారు. అందువల్ల బజారులో దొరికే ఏ క్లాంపూ దీనికి పట్టదు. మొన్న కోన్ సెట్ (స్టీరింగ్ బేరింగులు) మార్చడానికి ముందు భాగం విప్పినప్పుడు, కింది క్లాంపులో గొట్టాన్ని అదిమి పట్టే పించ్ బోల్టు పక్కన ఉండే చీలిక చివర నుంచి వెంట్రుకంత సన్నని పగులు కనిపించింది. ఆ చోట పగిలిన క్లాంపును వెల్డింగ్ చేయించి వాడుకోవడం తెలివైన పని కాదు. వేడికి గురైన మేర అల్యూమినియం, తయారీలో వేడిచేసి గట్టిపరచడం వల్ల వచ్చిన తన టెంపర్‌ను, దానితో పాటు బలంలో పెద్ద భాగాన్ని పోగొట్టుకుంటుంది, పైగా 7075 అనే బలమైన అల్యూమినియం మిశ్రమమైతే వెల్డింగ్‌కు అసలు లొంగదు. కాబట్టి ఆ జతనే నమూనాగా పంపి అచ్చంగా అలాంటిదే మరొకటి చేయించాలని నిర్ణయించుకున్నాను. మొత్తం సొమ్ము ముందే కట్టడం నా మొదటి తప్పు. ఒక్కగానొక్క నమూనాను చేతులు దాటించడం అంతకంటే పెద్ద తప్పు.

వచ్చిన పెట్టె విప్పినప్పుడు నాకు ముచ్చట వేసిన మాట నిజం. నల్లటి పౌడర్ కోటింగ్, పదునైన అంచులు, మధ్యలో అందంగా తొలిచిన గాళ్లు, ఎక్కడా వంక పెట్టడానికి లేని పైపని. ఆ సాయంత్రమే కింది క్లాంపును బండికి ఎక్కించి, రెండు గొట్టాలూ దూర్చి కింది బోల్టులు బిగించి, పై క్లాంపును దించబోయాను. ఎడమ గొట్టం మీదికి అది హాయిగా జారింది, కుడి గొట్టం అంచు మీద మాత్రం ఆగిపోయింది. రబ్బరు సుత్తితో రెండు దెబ్బలు వేస్తే దిగేదే. కానీ సుత్తి అవసరమయ్యే చోట కొలత తప్పినట్టే అని ఎప్పుడో ఒక లేత్ పనివాడు చెప్పిన మాట గుర్తుకు వచ్చి అన్నీ విప్పేశాను.

వెర్నియర్ లోపలి దవడలతో బోర్ (గొట్టం దూరే రంధ్రం) కొలిస్తే నమ్మకమైన సంఖ్య రాదు. ఆ దవడల అంచు బల్లపరుపుగా ఉండడం వల్ల రంధ్రం ఉన్నదానికంటే కొంచెం చిన్నదిగా చూపిస్తుంది. టెలిస్కోపిక్ గేజితో పట్టి, మైక్రోమీటరుతో చదవాలి. అలా కొలిస్తే పై క్లాంపు బోర్లు రెండూ 36.05 దగ్గర సరిగానే ఉన్నాయి. కింది క్లాంపులో కుడి బోర్ 36.08 ఉండగా, ఎడమది ఒక దిశలో 36.22, దానికి అడ్డంగా 36.10 వచ్చింది. అంటే అది గుండ్రంగా లేదు. బోర్‌ను పూర్తి చేశాక చీలిక కోస్తే లోహంలో ఇమిడి ఉన్న ఒత్తిడి విడుదలై రంధ్రం తెరుచుకుంటుంది. ఆ సంగతి తెలిసినవారు ముందు చీలిక కోసి, తర్వాత చివరి కోతతో బోర్‌ను కొలతకు తెస్తారు. ఇక్కడ ఆ చివరి కోత పడలేదని అంచు దగ్గర వదిలేసిన బర్రు (కోత మిగిల్చిన గరుకు అంచు) వేలికి తగిలి చెబుతూనే ఉంది.

అంతకంటే ప్రమాదకరమైనది బోర్ల మధ్య దూరం. రెండు గొట్టాల కేంద్రాల మధ్య పై క్లాంపులో 190.0 మి.మీ. ఉంటే, కింది క్లాంపులో 190.4 ఉంది. ఈ 0.4 మి.మీ. ఏపాటిది అనిపించవచ్చు. నా బండిలో రెండు క్లాంపుల మధ్య ఎడం 180 మి.మీ., కింది క్లాంపు నుంచి చక్రం ఇరుసు వరకు సుమారు 550 మి.మీ. అదే వాలు కిందివరకు సాగితే ఇరుసు దగ్గరకు వచ్చేసరికి గొట్టాలు మరో 1.2 మి.మీ. ఎడంగా జరుగుతాయి. ఇరుసు వాటిని బలవంతంగా దగ్గరకు లాగుతుంది, గొట్టాలు లోపలి బుష్‌ల మీద ఒరుసుకుంటాయి, ఫోర్క్ సాఫీగా కదలాల్సిన చోట పట్టేసి, అకస్మాత్తుగా వదులుతుంది. పై, కింది క్లాంపులను ఒకదానిమీద ఒకటి కట్టి ఒకే అమరికలో తొలిస్తే ఈ తేడా రానే రాదు. ఆర్డరు ఇచ్చే ముందు తయారీదారును అడగవలసిన మొదటి ప్రశ్న ఇదేనని నా అభిప్రాయం. సూటిగా జవాబు రాకపోతే అక్కడితో ఆగిపోవడం మంచిది.

ఆఫ్‌సెట్ కూడా తప్పింది. స్టీరింగ్ స్టెమ్ (కింది క్లాంపు నుంచి ఫ్రేములోకి దూరే, హ్యాండిల్‌తో పాటు తిరిగే కడ్డీ) కేంద్రం నుంచి గొట్టాల కేంద్రాలను కలిపే రేఖ వరకు నా పాత క్లాంపుల్లో 52 మి.మీ. ఉండేది, కొత్తవాటిలో 48 మాత్రమే ఉంది. ఆఫ్‌సెట్ తగ్గితే ట్రెయిల్, అంటే స్టీరింగ్ రేఖ నేలను తాకే చోటుకు టైరు నేలను తాకే చోటు ఎంత వెనుక ఉందో ఆ దూరం, పెరుగుతుంది. నా బండి స్టీరింగ్ కోణం నిలువుకు సుమారు 27 డిగ్రీలు, కాబట్టి ఈ 4 మి.మీ. లోటు ట్రెయిల్‌ను దాదాపు 4.5 మి.మీ. పెంచి హ్యాండిల్‌ను బరువెక్కిస్తుంది. దానికి అలవాటు పడవచ్చునేమో. కానీ చక్రం కూడా మూడున్నర మి.మీ. పైచిలుకు వెనక్కి వస్తుంది. టూ స్ట్రోక్ బండిలో ఎక్స్‌పాన్షన్ చాంబర్లు (లావుపాటి పొగగొట్టాలు) సిలిండర్ల నుంచి ముందుకు వంగి కిందికి దిగే చోటు ముందు టైరుకు ఎంత దగ్గరో నడిపేవారికి తెలుసు. ఫోర్క్ పూర్తిగా కుంగినప్పుడు నా బండిలో అక్కడ మిగిలే సందులో చిటికెన వేలు ఇరుక్కుంటూ దూరేది, ఇప్పుడు అది కూడా దూరదు.

నమూనాను త్రీడీ స్కాన్ చేసి యథాతథంగా దింపామని తయారీదారు గొప్పగా చెప్పారు. స్కాన్‌కు తెలివి ఉండదు. అరిగిన బోర్‌ను అరిగినట్టే, వంగిన చెవిని వంగినట్టే పట్టుకుంటుంది. పగిలి, ఎన్నో ఏళ్లపాటు బిగింపుకు లోనై తెరుచుకున్న క్లాంపును స్కాన్ చేస్తే వచ్చేది ఆ జబ్బుతో సహా మరో క్లాంపు. ఇంత చేసినా, హ్యాండిల్ పూర్తిగా తిరిగినప్పుడు ఆపే స్టీరింగ్ స్టాప్‌ను మాత్రం వదిలేశారు. అది నమూనాలో ఉంది, కొత్తదానిలో లేదు. గమనించకుండా తిప్పి ఉంటే గొట్టం నేరుగా ట్యాంకుకు తగిలి సొట్ట పడేది.

స్టెమ్ సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే ప్రాణం మీదికి వచ్చేది అక్కడే. ఉక్కు స్టెమ్ అల్యూమినియం క్లాంపులో గట్టి బిగుతుతో కూర్చోవాలి. మామూలుగా క్లాంపును వేడిచేసి, స్టెమ్‌ను చల్లబరిచి దించుతారు, అల్యూమినియం ఉక్కు కంటే దాదాపు రెండు రెట్లు వ్యాకోచిస్తుంది కాబట్టి చల్లారాక అది పట్టు వదలదు. నాకు వచ్చినదానిలో కోన్ సెట్ బిగించి హ్యాండిల్‌ను ఊపితే చేతికి సన్నగా ‘టిక్’ మని తగిలింది. బేరింగేమో అనుకుని మళ్లీ సర్దాను, మళ్లీ అదే. టార్చి వేసి కింద నుంచి చూస్తే స్టెమ్ చుట్టూ నల్ల పూత గుండ్రంగా చిట్లి ఉంది. అంటే అది లోపల కదులుతోంది. విప్పి చూస్తే, జారుడుగా దూర్చి, థ్రెడ్ లాక్ జిగురు రాసి, పక్క నుంచి ఒక చిన్న గ్రబ్ స్క్రూ (తల లేని మర) బిగించారు. బ్రేకు పట్టినప్పుడు ముందు చక్రం బరువంతా మోయవలసిన జోడు అది.

ఇక లోహం. 7075-టీ6 (టీ6 అంటే ఆ టెంపర్‌కు గుర్తు) అని చెప్పి దానికి తగ్గ సొమ్ము తీసుకున్నారు. నాకు ముందే అనుమానం రావలసింది, ఎందుకంటే 7075-టీ6కు టెంపర్ ఇచ్చేది 120 డిగ్రీల సెల్సియస్ దగ్గర. పౌడర్ కోటింగ్‌ను దాదాపు 180 నుంచి 200 డిగ్రీల వద్ద కాలుస్తారు, ఆ వేడికి ఆ టెంపర్ దిగజారుతుంది. తెలిసినవారు 7075 క్లాంపుకు ఎనోడైజింగ్ (కాల్చకుండా లోహం పైపొరనే గట్టిపరిచే పద్ధతి) చేస్తారు గాని పౌడర్ పూయరు. ఒక మూల పూత గీకి కాఠిన్య పరీక్ష చేయిస్తే బ్రినెల్ 92 వచ్చింది. 7075-టీ6కు అది 150 చుట్టూ ఉండాలి, అంతకంటే తక్కువ బలం గల 6061-టీ6 మిశ్రమానికి 95 చుట్టూ. ఇది 6061 అనే అనుకుంటున్నాను. 6061 చెడ్డ లోహం కాదు, దానితో మంచి క్లాంపులు చేయవచ్చు. అయితే 7075 బలాన్ని నమ్ముకుని గోడలను పలచగా చెక్కి, బరువు తగ్గించే గాళ్లు తొలిచి, అందులో 6061 పెట్టడం మోసం.

తయారీదారుకు కొలతలు, ఫొటోలు అన్నీ పంపాను. పాత బండ్లలో ఈమాత్రం తేడా మామూలేనని మొదట అన్నారు. వదులుగా ఉన్న బోర్‌కు బోల్టును మరికొంత గట్టిగా బిగించమని తర్వాత సలహా ఇచ్చారు. దయచేసి ఆ పని ఎవరూ చేయకండి. గుండ్రంగా లేని బోర్‌ను బోల్టుతో అదిమితే గొట్టం నొక్కుకుపోతుంది, లేదా చీలిక మొదట్లో పగులు పుడుతుంది. అల్యూమినియంలో మరలు ఊడిపోవడం వీటికి అదనం. పైగా ఆర్‌డీ350 క్రాంకు 180 డిగ్రీలది, అంటే ఒక పిస్టన్ పైకి వెళ్తుంటే రెండోది కిందికి వస్తుంది, దాని అదురుకు సరిగా కూర్చోని ఏ బోల్టూ ఎక్కువకాలం బిగువుగా నిలవదు. చివరికి, ప్రత్యేకంగా చేసిన వస్తువు కాబట్టి వెనక్కి తీసుకోబోమని ఒక్క ముక్కలో తేల్చేశారు. నా నమూనాను తిప్పి పంపారు గాని, ‘శుభ్రం’ చేసి పంపారు. లోపలి బోర్లను ఎమెరీ కాగితంతో మెరిసేలా రుద్దారు. అసలు కొలత ఇప్పుడు దానిలోనూ లేదు. ఆఫ్‌సెట్‌నూ కేంద్రాల దూరాన్నీ విప్పిన రోజున ఒక అట్టముక్క మీద రాసి పెట్టుకోవడం వల్ల అవి మాత్రం మిగిలాయి.

ఇలాంటి పని చేయించదలచినవారు నమూనాను కాక కొలతల బొమ్మను పంపండి. బోర్, కేంద్రాల దూరం, ఆఫ్‌సెట్, స్టెమ్ బిగుతు, ఒక్కోదానికి ఎంత తేడా అంగీకరిస్తారో ఆ బొమ్మ మీదే రాయించి, దానికి ఒప్పుకున్నట్టు రాతపూర్వకంగా తీసుకోండి. పూత వేయకముందే ఫొటోలు అడగండి. సొమ్ములో కనీసం సగం కొలతలు సరిపోయాకే ఇస్తామని చెప్పండి.

నల్ల పౌడర్ పూతతో, కింది క్లాంపు పక్కన స్టెమ్‌కు చిన్న గ్రబ్ స్క్రూ ఉన్న జతను ఇప్పటికే బండికి బిగించుకున్నవారు ఉంటే, బండిని నడపడం ఆపి, ముందు చక్రాన్ని నేల నుంచి లేపి, ఒక చేత్తో ఫోర్క్ కింది భాగాన్ని ముందుకూ వెనక్కూ ఊపుతూ రెండో చేతి వేలిని స్టెమ్, క్లాంపు కలిసే చోట ఆనించి చూడండి. కోన్ సెట్ సరిగానే బిగించి ఉన్నా అక్కడ కదలిక తెలిస్తే ఆ క్లాంపును విప్పేయండి.