హానాలో రో స్టోరా, కాలమ్ స్టోరా: ఏది మేలు?

డేటాను మెమరీలో (ర్యామ్‌లో) పెట్టుకుని పనిచేసే డేటాబేస్ ఎస్‌ఏపీ హానా. అందులో పనికి కొత్తగా వచ్చినవాళ్ళు తప్పకుండా అడిగే ప్రశ్న ఇది. రెండూ మెమరీలోనే ఉంటాయి కదా, తేడా ఏముంది అంటారు. డేటాను ఎలా సర్దుతుందన్నది ఒక తేడా: రో స్టోర్ టేబుల్‌ను వరస వెంట వరసగా పెడుతుంది, కాలమ్ స్టోర్ కాలమ్ వెంట కాలమ్‌గా. అది మెమరీలోకి ఎప్పుడు వస్తుందన్నది ఇంకో తేడా. నన్నడిగితే రోజువారీ టెన్షన్ అంతా ఈ రెండోదాంతోనే.

ముందు సర్దడం సంగతి. కోటి వరసలున్న టేబుల్లో తెలంగాణ జిల్లా పేరు ఒక కాలమ్ అనుకోండి. పేరుకు సగటున 20 బైట్లు వేసుకున్నా, ప్రతి వరసలో పేరు మళ్ళీ రాసే రో స్టోర్‌లో దానికే 200 ఎంబీ పోతుంది. కాలమ్ స్టోర్ ఆ 33 పేర్లనూ డిక్షనరీలో ఒక్కసారే రాసుకుని, వరసల్లో నంబర్లు పెడుతుంది. 33 నంబర్లకు 6 బిట్లు చాలు. అంటే కోటి వరసలు 7.5 ఎంబీలో సరిపోతాయి. కరీంనగర్ అమ్మకాలు కూడమంటే ఈ కాలమ్‌నూ, అమ్మకాల కాలమ్‌నూ చదువుతుంది, మిగతావాటి జోలికి పోదు.

ఇంత కుదించి పెట్టినదాంట్లో కొత్త వరస దూర్చడం కష్టం. అందుకే కొత్తవన్నీ ముందు డెల్టా అనే పక్క అరలో పడతాయి, తర్వాత మెర్జ్ జరిగి, మెయిన్ అనే ఆ కుదించిన అసలు భాగంలో కలుస్తాయి. మెర్జ్ నడిచేంతసేపూ పాత మెయిన్, కొత్త మెయిన్ రెండూ మెమరీలో ఉంటాయి. పెద్ద టేబుల్‌కు ఆ జాగా ముందే చూసుకోవాలి.

ఇక లోడింగ్. రో స్టోర్ టేబుళ్ళు సర్వర్ లేచేటప్పుడే మొత్తంగా మెమరీలోకి వస్తాయి, ఎవరూ వాడకపోయినా అక్కడే ఉంటాయి. అవి పెరిగేకొద్దీ సర్వర్ లేవడం ఆలస్యమవుతుంది. కాలమ్ టేబుల్ అడిగినప్పుడే వస్తుంది, అదీ అడిగిన కాలమ్స్ మాత్రమే. మెమరీ చాలకపోతే చాన్నాళ్ళుగా వాడనివాటిని దించేస్తుంది. నేను చేసిన ఒక ప్రాజెక్టులో నెలకోసారి నడిచే రిపోర్ట్ ప్రతిసారీ మొదటి రన్‌లో నత్తనడక నడిచేది, రెండో రన్ చిటికెలో అయ్యేది. క్వెరీ తప్పేమోనని రెండు రోజులు తలలు పట్టుకున్నాం. తీరా చూస్తే ఆ కాలమ్స్ ప్రతినెలా డిస్క్ నుంచి కొత్తగా లోడవుతున్నాయి. రిపోర్ట్‌కు ముందే టేబుల్‌ను లోడ్ చేసే చిన్న జాబ్ పెట్టాం, గొడవ తీరింది.

కరెంటు పోతే డేటా పోతుందన్న భయం మాత్రం రెండింటిలోనూ అక్కర్లేదు. కమిట్ (మార్పు ఖాయం) అయ్యేలోపే ఆ మార్పుల చిట్టా, అంటే లాగ్, డిస్క్‌కు చేరుతుంది. మామూలుగా 5 నిమిషాలకోసారి సేవ్‌పాయింట్ పడుతుంది, అంటే మెమరీలో మారినదంతా డిస్క్‌కు రాసేస్తుంది.

కాబట్టి నా ఓటు కాలమ్ స్టోర్‌కే. వరస మొత్తం తీసి, మార్చి, చెరిపేసే చిన్న క్యూ టేబుళ్ళకూ సెట్టింగుల టేబుళ్ళకూ రో స్టోర్ సరే. ఏళ్ళనాటి పాత డేటాకు పేజీ లోడబుల్ పెట్టండి, అప్పుడు కాలమ్ మొత్తం కాకుండా కావలసిన పేజీలే మెమరీకి ఎక్కుతాయి. కోట్ల వరసలు ఒకేసారి ఎక్కించే రోజు మాత్రం ఆటో మెర్జ్ ఆపి, అంతా అయ్యాక మీరే ఒకసారి మెర్జ్ చేయండి. మధ్యలో డెల్టా మరీ ఉబ్బుతుంటే అప్పుడొకసారి.