ఐదేళ్ళు దాటిన మా ఏటికొప్పాక లక్కపిడతలు

2020 సంక్రాంతి సెలవుల్లో ఏటికొప్పాక వెళ్ళినప్పుడు కొన్న సెట్టు ఇది. అప్పటికి మా అమ్మాయికి మూడేళ్ళు నిండాయి. పొయ్యి, కుండ, మూతలున్న గిన్నెలు, తిరగలి, రోలు, రోకలి, బిందె, చెంబు, గరిటెలు అన్నీ కలిపి ఇరవై రెండు. ఇప్పుడు పదిహేడు మిగిలాయి. వాటిని ఏలుతున్నది మా రెండోవాడు.

ఆ మార్చిలో లాక్‌డౌన్ వచ్చి ఇంట్లోనే ఉండిపోయాక వీటి సత్తా తెలిసింది. వంటింటి గుమ్మం పక్కన చాప పరిచి, మా అత్తగారు గుప్పెడు చింతగింజలూ కాసిని మరమరాలూ పోసేవారు. ఇక పొద్దున కాఫీ హోటలు, మధ్యాహ్నం బొమ్మల పెళ్ళి విందు. తిరగలి ఒక్కోసారి బస్సు స్టీరింగు అయ్యేది, రోకలి డాక్టరమ్మ సూది అయ్యేది.

ఒకరోజు మా అమ్మాయి నాకు చెంబుతో కాఫీ ఇచ్చింది. ఫోను చూసుకుంటూనే దాన్ని పెదవులకు ఆనించి "చాలా బాగుందమ్మా" అన్నాను. "ఇంకా పోయలేదు నాన్నా!" అంది. చెంబు లాక్కుని, ఖాళీ కుండను రెండు చేతులతో వంచి, అంచున కారినదాన్ని వేలితో తుడిచి, మళ్ళీ ఇచ్చింది. "ఇప్పుడు తాగు. వేడిగా ఉంది, ఊదుకో." ఆ హోటలుకు ఫోను తీసుకెళ్ళడం అప్పటితో మానేశాను. ఇది ఏ రంగు, ఎన్ని గింజలున్నాయి అని పాఠాలు అడగడమూ మానేశాను. అడిగిన ప్రతిసారీ హోటలు మూతపడేది.

నాలుగో పుట్టినరోజుకు చుట్టాలు ప్లాస్టిక్ వంటిల్లు ఇచ్చారు. మీట నొక్కితే పొయ్యిలో ఎర్రదీపం, బాణలిలో చుయ్యిమనే చప్పుడు. పది రోజులు ముద్దుగా ఆడింది. బ్యాటరీ అయిపోగానే "పొయ్యి పాడైపోయింది" అని వదిలేసింది. లక్కపొయ్యిలో ఏనాడూ దీపం లేదు. అగ్గిపుల్ల గీసినట్టు తనే "చుర్ర్" అంటుంది, వెలుగుతుంది.

ఇక మన్నిక. ఇవి అంకుడు కర్రతో చేసినవి. లేత్ మీద తిరుగుతున్న కర్రకు రంగులక్క కడ్డీని అదిమితే రాపిడి వేడికి లక్క కరిగి పట్టుకుంటుంది. మొగలి ఆకుతో రుద్దితే ఆ నునుపు వస్తుంది. 2017లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చిన పనితనం. అయితే వేడికి పట్టిన లక్క వేడికే లొంగుతుందన్న మాట నాకు తట్టలేదు. మే నెల ఎండలో మేడమీద ఆరబెడితే రెండు గిన్నెల మెరుపు పోయింది, మూతలు అతుక్కుపోయాయి. మరోసారి అమ్మాయి నిజంగానే నీళ్ళు పోసి పప్పు వండింది. కర్ర ఉబ్బి, ఆరాక కుండ నిలువునా చీలింది. తడిగుడ్డతో తుడవండి చాలు.

పసుపు, నీలిమందు, జాఫ్రా గింజల లాంటి సహజ రంగులు వాడినవే తీసుకున్నాం. అందరూ అవే వాడరు కాబట్టి అడిగి తీసుకోండి. మూతలు పోవడం పెద్ద బెడద. ప్రతిదీ చేత్తో తిప్పిందే కావడంతో వేరే సెట్టు మూత దీనికి పట్టదు. మూడేళ్ళలోపు పిల్లలకు మాత్రం ఇవ్వకండి. మావాడు ఏడాది వయసులో చిన్న గరిటెను నోట్లో పెట్టుకుని మమ్మల్ని హడలగొట్టాడు. ఆ రోజే సెట్టంతా అటకెక్కించి, రెండేళ్ళ తర్వాత దించాం.

ఆరు వందల చిల్లర పెట్టాం. అప్పట్లో ఎక్కువనిపించింది. ఇప్పుడైతే మళ్ళీ కొంటాను, ఈసారి తిరగలి కాస్త పెద్దది చూసుకుంటాను. దీని పిడి మొదటి ఏడాదే ఊడింది, జిగురుతో రెండుసార్లు అతికించాను.

మావాడి హోటలులో ఇడ్లీ వెయ్యి రూపాయలు. చట్నీ వేరే. నా ఖాతాలో అప్పు చాలానే ఉంది, రేపటినుంచి పెట్టనంటున్నాడు.